ఆరు వాట్ల కంప్యూటరు

ఆ రోజు సిరిసిల్లలో, కార్ఖానా వెనక గదిలో ఉన్నవాళ్లం ముగ్గురం: మా మేనమామ, అత్తమ్మ, నేను. ఉన్న వస్తువులు ఇవి. నేల మీద పరిచిన పాత దుప్పటి. దాని మీద అడ్డంగా పడుకోబెట్టిన కంప్యూటరు. దాని నుంచి విప్పిన అద్దం తలుపు. పద్నాలుగు స్క్రూలు, ఒక పెయింటు బ్రష్షు, ఒక టార్చి. కిటికీ గూట్లో పొడుగు ముక్కున్న నూనె డబ్బా. మూలన రేకు పెట్టె, అందులో నూట యాభై ఒక్క గ్రాఫు కాగితాలు. గోడకు అవతల నాలుగు సాంచెలు నడుస్తున్నాయి. మరమగ్గాన్ని మా వైపు సాంచె అంటారు. నాలుగూ ఒకేసారి నడుస్తుంటే గదిలో మనుషులు ఒకరి మూతి ఒకరు చూస్తూ మాట్లాడుకోవాలి.

మే నెల. కంప్యూటరు చచ్చి రెండు రోజులైంది. నేను కోరుట్ల నుంచి రుద్రంగి మీదుగా బండి మీద వచ్చాను. టార్చి వేసి లోపలికి చూస్తే ప్రాసెసర్ మీద ఉండాల్సిన ఫ్యాను కనిపించలేదు. ఆ చోట బూడిదరంగు కంబళి ముక్క లాంటిది ఉంది. బ్రష్షుతో కదిపితే రాలేదు. వేలితో పీకితే అట్టలా ఊడి వచ్చింది, వేలికి జిడ్డు అంటింది. దూది నూగు అని ముందే అనుకున్నాను. కార్ఖానా గాలిలో నూగు లేకుండా ఎలా ఉంటుంది. కానీ నూగు పొడిగా ఉంటుంది, ఊదితే పోతుంది. ఇది పోలేదు.

“దీంట్లె ఏం పోసినవ్ మామా?” అని అడిగాను.

“నూనె.”

“ఏం నూనె?”

“సాంచె నూనె. ఇంకేం నూనె పోస్తరు?”

“ముందుగాల కొబ్బరినూనె సీస అడిగిండు,” అంది అత్తమ్మ. “నేనియ్యలె. మొన్ననే తెచ్చుకున్న.”

మామ ఆమె వైపు చూడలేదు. “సప్పుడు జేసింది అల్లుడా. కీసుకీసుమని. బేరింగు ఎండిందని తెలిసింది. జాలిల కెల్లి నాలుగు సుక్కలు పోసిన, సప్పుడు వోయింది. మల్ల మూడొద్దులకు అచ్చింది, మల్ల పోసిన.”

“ఎన్నిసార్లు పోసినవ్?”

“ఆరేడు సార్లు పోసి ఉంట.”

ముప్పై ఏళ్లు సాంచెలు నడిపిన మనిషి. అరిచే భాగానికి నూనె పోయడం ఆయన చేతికి అలవాటైన పని, ఆలోచించి చేసేది కాదు. నాలుగు సాంచెల హోరులో అరచేయంత ఫ్యాను బేరింగు ఎండిందని గోడ ఇవతల కూర్చుని వినగలిగాడు. ఆయన కనిపెట్టిన లోపం కూడా సరైనదే, నిజంగానే బేరింగు ఎండింది. నూనె పడ్డాక నూగు వచ్చి దాని మీద అంటుకుంది, దాని మీద మళ్లీ నూనె, మళ్లీ నూగు. చివరికి ఫ్యాను తిరగడం మానేసింది. ప్రాసెసర్ ఉడికిపోయింది.

ఇదంతా ఇప్పుడు రాస్తున్నంత నెమ్మదిగా ఆ రోజు నాకు తోచలేదు. తల వంచి, స్క్రూలు ఏరుకుంటూ, నాలో నేను గొణిగాను: “సదువుకోనోళ్ల చేతికి గిసొంటియి ఇయ్యద్దు.” సాంచెల చప్పుడులో ఆ మాట నాకే సరిగా వినపడలేదు. మామ లేచి, కిటికీ గూట్లోని నూనె డబ్బా తీసి గది బయట పెట్టి వచ్చాడు.

ఆ కంప్యూటరు నేను కట్టింది. జగిత్యాలలో ఇంజనీరింగ్ చదివి కోరుట్లలో కంప్యూటర్ల దుకాణం పెట్టుకున్నాను. మామ అడిగితే నాకు తెలిసినంతలో మంచిది ఇవ్వాలనుకున్నాను. ఎనిమిది కోర్లు, మూడు ఫ్యాన్లు, గ్రాఫిక్స్ కార్డు, పక్కన అద్దం, అద్దం లోపల రంగురంగుల లైట్లు. మొదటిరోజు స్విచ్చి వేస్తే మామ కాసేపు చూసి, “పెండ్లి పందిరి లెక్కున్నది. భోజనాలెప్పుడు పెడ్తరు?” అన్నాడు.

ఆయనకు కంప్యూటరు ఎందుకో చెప్పాలి. మామ గ్రాఫు పనివాడు. చీర అంచు మీద నెమలి గాని మామిడి పిందె గాని రావాలంటే ముందు దాన్ని గళ్ల కాగితం మీద గీయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు పైకి లేవాలో వద్దో చెప్తుంది. వెనకట ఆ గళ్లను చూసి అట్టలకు రంధ్రాలు కొట్టేవాళ్లు, ఆ అట్టలు సాంచె పైన బిగించిన జకార్డు యంత్రం మీద తిరిగితే అంచులో బొమ్మ పడేది. ఇప్పుడు అట్టలు పోయాయి. పెన్‌డ్రైవ్ పెడితే నడిచే జకార్డులు వచ్చాయి. ఫైలు ఉన్న డిజైనే గుడ్డలోకి వస్తుంది, కాగితం మీదిది పెట్టెలో ఉంటుంది. సాంచెలు నడుపుతూనే మామ ఇరవై ఏళ్లలో గీసినవి నూట యాభై ఒకటి. అందులో సగానికి పైగా ఒక్కసారి కూడా నేతకు పోలేదు.

ఆ కాగితాలు ఇంకొకరు చూసి కంప్యూటరులోకి ఎక్కించగలిగేవి కావు. గళ్లలో మామ తన గుర్తులు పెట్టుకున్నాడు. చుక్క, సున్న, అడ్డగీత, ఏటవాలు గీత, ఇలా తొమ్మిది. ఏ గుర్తు ఉన్నచోట పోగులు వెనక ఎలా కట్టుకోవాలో ఆయనకే తెలుసు. గ్రాఫు పనివాళ్లు తమ గుర్తులు ఎవరికీ చెప్పరు. చెప్తే డిజైను మరునాడు పక్క కార్ఖానాలో ఉంటుంది. అందుకని ఒకే ఊళ్లో ఇద్దరు గ్రాఫు పనివాళ్ల కాగితాలు ఒకరివి ఒకరికి చదవరావు.

జగిత్యాలలో ఊపిరితిత్తుల డాక్టరు ఆ ఏడాది మొదట్లోనే ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించాడు. నూగులో పనిచేసేవాళ్ల ఛాతీలన్నిటిలాగే ఉందని, వయసుకు మించి పాడైందని చెప్పాడు. సాంచెల దగ్గర ఉండొద్దన్నాడు. మామ సాంచెలను కిరాయికి ఇచ్చి వెనక గదికి మారాడు. మధ్యలో ఒక గోడ, ఒక తలుపు. ఇంకెక్కడికి పోతాడు, ఇల్లు అదే. ఆ వారమే నాకు ఫోన్ చేశాడు: “అల్లుడా, దమ్ముండంగనే పెట్టె ఖాళీ జెయ్యాలె. కంప్యూటర్ తే.”

డిజైన్ల ప్రోగ్రాం మూడు వారాల్లో వచ్చేసింది ఆయనకు. గళ్లు ఆయనకు కొత్త కాదు. ఒక అలవాటు మాత్రం మానలేదు: కాగితాన్ని కింది వరస నుంచి మొదలుపెట్టి పైకి ఎక్కించేవాడు, సాంచె మీద గుడ్డ పెరిగినట్టు. ఒకే బొమ్మ పదిసార్లు వచ్చినా కాపీ చేయడానికి ఒప్పుకోలేదు. “కాపీ కొడితె తప్పు గూడ పదిసార్లు పడ్తది,” అనేవాడు. తొంభై రెండు రోజుల్లో ముప్పై నాలుగు ఎక్కించాడు. వాటిలో తొమ్మిది పెన్‌డ్రైవ్‌లో జకార్డు సాంచెలు సొంతంగా ఉన్న ఒక ఆసామి దగ్గరికి పోయాయి. మిగతా ఇరవై ఐదు ఆ కంప్యూటరులోనే ఉన్నాయి.

కోరుట్లకు తీసుకుపోయి రెండు రోజులు ప్రయత్నించాను. డిస్కు పలకలేదు. తరవాత ఒక కాగితం మీద తప్పులు రాసుకున్నాను. నూగు ఉండే గదిలో గాలి పీల్చే యంత్రం పెట్టడం, నాది. వేడెక్కే కార్డు కిందే డిస్కు బిగించడం, నాది. ఫైళ్లకు రెండో కాపీ ఏర్పాటు చేయకపోవడం, నాది. ఫ్యానుకు నూనె పోయడం, మామది. నాలుగింటిలో నాలుగోదాని గురించే నేను నోరు విప్పాను.

ఇరవై ఐదు పోయాయని ఫోన్‌లో చెప్పాను. ఆయన వైపు సాంచెల చప్పుడు వినిపిస్తోంది.

“ఇరువై అయిదా,” అన్నాడు.

“అవు మామా.”

“సరే. కాయితాలున్నయ్ గదా. మల్ల జేస్త.”

మూడు వారాల తరవాత డాక్టరుకు చూపించుకోవడానికి మామ జగిత్యాల వచ్చాడు. అక్కడ పాత కంప్యూటర్లు అమ్మే ఒకాయన నాకు తెలుసు. పెద్ద ఆఫీసులు తీసేసిన సరుకు మొత్తంగా కొని విడిగా అమ్ముతాడు. డాక్టరు దగ్గరి నుంచి మామను వెంటబెట్టుకుని అక్కడికి పోయాను. మెట్లు మూడే ఉన్నాయి. మామ రెండో మెట్టు మీద ఆగి దమ్ము తీసుకుని మూడోది ఎక్కాడు. దుకాణం ఆయన స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

నేను వెతికింది చిన్న డబ్బా. టిఫిన్ బాక్సుకు కొంచెం పెద్దది. దుకాణాల కౌంటర్ల దగ్గర వాడి వదిలేసినవి. ఫ్యాను ఉండదు, గాలి రంధ్రాలు ఉండవు, మూత పెట్టిన రేకు పెట్టెలా ఉంటుంది. లోపలి ప్రాసెసర్ ఆరు వాట్లది. రెండే కోర్లు. నేను కట్టిన పెండ్లి పందిరిలోని ప్రాసెసర్ ఒక్కటే పనిలో ఉన్నప్పుడు నూట ఇరవై ఐదు వాట్లు తినేది.

దుకాణం ఆయన నా చేతిలోని డబ్బాను చూసి నవ్వాడు. “ఇంజనీరు సాబ్, అది నత్త. అది తెరుచుకునేలోపు పోయి చాయ్ తాగి రావచ్చు.”

“గదే గావాలె.”

“అందరు స్పీడుది అడుగుతరు, నువ్వు గిదడుగుతున్నవ్. ఎవలకు?”

“మా మామకు.”

“మామ మీద ఏమన్న పగనా?”

స్టూలు మీది నుంచి మామ అన్నాడు: “పగేం లేదు. సదువుకోనోళ్ల చేతికి గిసొంటిదే ఇయ్యాలెనంట.”

దుకాణం ఆయన అది జోకనుకుని మళ్లీ నవ్వాడు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సాంచెల మధ్య ముప్పై ఏళ్లు బతికిన మనిషి ఎదుటివాళ్ల మాటను చెవులతో కాకుండా కళ్లతో వింటాడు. ఆ రోజు నేను తల వంచాననుకున్నాను. ఆయనకు నా మూతి కనపడకుండా ఉండేంత వంచలేదు. క్షమించమని అడగాలని అనుకున్నాను. అడగకుండా డబ్బాను తిప్పి వెనక ఉన్న సాకెట్లు లెక్కపెట్టాను.

సిరిసిల్లలో దాన్ని బిగించి స్విచ్చి వేశాను. మామ వంగి చూశాడు, చెవి దగ్గర పెట్టాడు.

“సప్పుడేది?”

“సప్పుడుండది మామా. దీనికి ఫ్యాను లేదు.”

“ఫ్యాను లేకుంటె ఎట్ల నడుస్తది?”

“ఎక్కువ ఎచ్చగాదు. ఎక్కువ కష్టపడది.”

“కష్టపడకుంటె పనెట్లయితది?”

నేను ప్రోగ్రాం మీద నొక్కాను. తెర మీద ప్రోగ్రాం తెరుచుకోవడానికి నలభై సెకన్లు పట్టింది. ఆలోపు మామ డబ్బా మీద అరచేయి పెట్టి ఉంచాడు. కాసేపటికి, “ఎచ్చగైతున్నది,” అన్నాడు. “కోడి లేసి పోయినంక గుడ్డు ఉన్నట్టు.” తరవాత అది నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి ఆయన ఎప్పుడూ అదే చేశాడు. నేను ఒకసారి లోపలి వేడి కొలిచాను. గది ముప్పై ఎనిమిది డిగ్రీలున్న మధ్యాహ్నం ప్రాసెసర్ యాభై ఏడు. పాతది ఖాళీగా ఉన్నప్పుడే దాన్ని దాటేది.

మా దుకాణానికి వచ్చేవాళ్లు మొదట అడిగేది వేగం. నేనూ అదే చెప్పి అమ్మేవాణ్ని. మామ పని చూశాక నా లెక్క మారింది. ఆయన కాగితం మీది గుర్తు చూస్తాడు, తెర వైపు తిరుగుతాడు, గడి వెతుకుతాడు, నొక్కుతాడు. ఒక్కో గడికి రెండు సెకన్లు, కొన్నిసార్లు ఐదు. ఆ నత్త ప్రాసెసర్ కూడా ఆ సమయంలో తొంభై శాతానికి పైగా ఊరికే ఉంది, నేను కొలిచాను. అంటే పాత యంత్రం దాదాపు పూర్తిగా ఊరికే ఉండేది. ఊరికే ఉండటానికి కూడా అది కరెంటు తింది, వేడెక్కింది, గాలి పీల్చింది, ఆ గాలితో నూగును లోపలికి లాక్కుంది. చిన్నది ఏమీ పీల్చదు. దాని మీద నూగు పడేది, అత్తమ్మ కొంగుతో తుడిచేది, అయిపోయేది.

ఇంకో సంగతి నేను లెక్క వేసుకోనిది. కొత్త కాగితం తెరిచిన ప్రతిసారీ అది ముప్పై, నలభై సెకన్లు ఆగేది. చేసింది సేవ్ చేసి దాచమన్నప్పుడు పన్నెండు సెకన్లు, ఎందుకంటే ఈసారి పెన్‌డ్రైవ్‌లో రెండో కాపీ కూడా పడేలా పెట్టాను. అలా ఆగినప్పుడల్లా మామ కుర్చీకి ఆనుకుని కళ్లు మూసుకుని దమ్ము తీసుకునేవాడు. గంటకోసారి పని ఆపి ఊపిరి తీసుకోవాలని డాక్టరు రాసిచ్చాడు. చీటీ గోడకు అంటించి ఉండేది.

“డాక్టరు జెప్తె ఇనలె. నేను జెప్తె ఇనలె,” అంది అత్తమ్మ. “గా డబ్బ జెప్తె ఇంటున్నడు.”

“అది జెప్పది,” అన్నాడు మామ. “ఆగుతది. నువ్వు ఆగుతవా?”

“నేనాగితె నీకు బువ్వెవలు పెడ్తరు?”

వానాకాలం పోయి చలి మొదలయ్యేసరికి ఆయనకు ఆక్సిజన్ మెషీన్ పెట్టాల్సి వచ్చింది. చక్రాల మీద జరిగే పెట్టె, ముక్కుకు సన్నటి గొట్టం. అది మూడు వందల వాట్లది. దాని జల్లెడకు కూడా నూగు పట్టేది, అత్తమ్మ రెండు రోజులకోసారి కడిగి ఆరబెట్టేది. కరెంటు పోతే ఇంట్లో ఉన్నది పాత ఇన్వర్టరు ఒకటి. నేను కాగితం మీద వేసి చూశాను. ఆక్సిజన్ మెషీన్, చిన్న డబ్బా, తెర, ఒక బల్బు కలిపి పెడితే బ్యాటరీ గంటన్నర వస్తుంది. డబ్బా తీసేసినా ఐదారు నిమిషాలే కలిసి వస్తాయి. అదే పాత యంత్రం ఉండి ఉంటే బ్యాటరీ గంట నిలవడమే కష్టమయ్యేది, పని కావాలో ఊపిరి కావాలో తేల్చుకోవాల్సి వచ్చేది. మామకు ఆ ప్రశ్న రాలేదు. ముక్కుకు గొట్టం పెట్టుకుని, కరెంటు పోయిన మధ్యాహ్నాలు అవతల సాంచెలన్నీ ఆగిపోయి ఉండగా, ఆయన గళ్లు నింపుతూనే ఉన్నాడు. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ చూడలేదు. ఆక్సిజన్ మెషీన్ ఒక్కటే బుస్సుమనేది.

అలాంటి ఒక ఆదివారం ఆయన, “గుర్తులు రాసుకో అల్లుడా. తొమ్మిదే,” అన్నాడు.

నేను నోటుబుక్కు తీశాను. చుక్క అంటే ఇది, సున్న అంటే ఇది. ఆయన మెల్లగా చెప్తున్నాడు. ఒక్కో గుర్తుకు కాగితం మీద ఒక చోటు చూపించి, ఇక్కడ పోగు ఎన్ని పోగుల కింద నుంచి పోతుందో, ఎందుకు అలా పోవాలో చెప్తున్నాడు. ఐదోది అయ్యేసరికి నా ఫోన్ మోగింది. ఒక స్కూలు వాళ్లకు మరునాటికి కంప్యూటర్లు బిగించాలి. సరుకు కోరుట్లకు చేరిందట.

“మిగిలినయి అచ్చే ఐతారం జెప్పు మామా. తొందరేమున్నది, నువ్వే జేస్తున్నవ్ గదా.”

“గట్లనే,” అన్నాడు.

ఆ తరవాత వచ్చిన ఆదివారం ఆ స్కూలులో మిగిలిపోయిన పనికే సరిపోయింది. తరవాతి ఆదివారం పోయాను. ఆ రోజు ఆయన మాట్లాడితే దగ్గు వస్తోంది. మాట్లాడొద్దని నేనే చెప్పాను. మాటకు ఖర్చు చేసే దమ్ము గళ్లకు ఖర్చు చేస్తానన్నట్టు ఆయన తెర వైపు తిరిగాడు. నాకూ అదే సబబు అనిపించింది. రోజూ కొంత, రెండున్నర రోజులకు ఒక కాగితం చొప్పున పని సాగుతోంది. వేడెక్కకుండా, ఆగిపోకుండా నడిచే దాన్ని చూసి, దాని పక్కన కూర్చున్న మనిషి కూడా అలాగే నడుస్తాడని నేను అనుకున్నట్టున్నాను.

ఫిబ్రవరిలో జగిత్యాల ఆసుపత్రిలో చేర్చాం. నాలుగో రోజు నేను మంచం పక్కన ఉండగా మాస్కు కొంచెం పైకెత్తి అడిగాడు: “బంద్ జేసిన్రా దాన్ని?”

“లేదు మామా. నడుస్తనే ఉన్నది.”

“ఉండనియ్. మల్ల తెరవాల్నంటె లేటయితది.”

మాస్కు సర్దబోయాను. చేతితో ఆపాడు. “నూనె పొయ్యకపోయేది ఉండె,” అన్నాడు.

అది ఆయన తప్పు కాదని అప్పుడు చెప్పాను. మూడు నావి, ఒకటే నీది అని లెక్క చెప్పాను. ఆయన నా మూతి వైపే చూస్తున్నాడు కాబట్టి వినపడిందనే అనుకుంటున్నాను.  కళ్లు మూసుకున్నాడు. ఆ తరవాత ఐదు రోజులు ఉన్నాడు.

మూడో రోజు పనులయ్యాక వెనక గదిలోకి పోయాను. తెర నల్లగా ఉంది. మౌసు కదిపితే వెలిగింది. డబ్బా పన్నెండు రోజులుగా ఆగకుండా నడుస్తోంది. దాని మీద నూగు పలచగా దుప్పటిలా పరుచుకుని ఉంది, ఆ పన్నెండు రోజులు అత్తమ్మ తుడవలేదు. తెర మీద ఒక అంచు డిజైను, జోడు చిలకలు. నాలుగు వందల వరసల కాగితం. కింది నుంచి నూట ఎనభై ఆరు వరసలు నిండి ఉన్నాయి. చిలకలకు కాళ్లు, తోకలు, పొట్టలు వచ్చాయి. అలాగే దాచాను. పన్నెండు సెకన్లు పట్టింది.

అత్తమ్మ గుమ్మంలో నిలబడింది. నా నోటుబుక్కు తీసి ఐదు గుర్తులు ఆమెకు చూపించాను, మిగతా నాలుగు ఏమన్నా తెలుసా అని.

“నాకు గా అయిదు గూడ తెల్వయి,” అంది. “ఇరవై ఎనిమిదేండ్లు గీ ఇంట్ల ఉన్న. నాక్కూడ చెప్పలె. వాళ్లన్న అడిగితె గూడ చెప్పలె, గదే పట్టుకొని రెండేండ్లు మాటల్లేవు ఇద్దరికి. నీకే జెప్పిండు.”

నేను ఆదివారానికి వాయిదా వేసింది ఏమిటో అప్పుడు తెలిసింది.

రెండు నెలలు ఆదివారాలతో పాటు, దుకాణం మూసి బుధవారాలు కూడా సిరిసిల్ల పోయాను. ఆయన పూర్తిచేసిన ఫైళ్లను, వాటి కాగితాలను పక్కపక్కన పెట్టి, తెలియని నాలుగు గుర్తులు ఏ నేతగా మారాయో పోల్చుకుందామని చూశాను. చదువుకున్నవాణ్ని కదా, ఇది తేలే లెక్కే అనుకున్నాను. కానీ ఒకే గుర్తు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా మారింది. పక్క గడిలో ఏముందో, అంచు ఎంత వెడల్పో, పోగు ఏదో చూసి ఆయన చేయి తేల్చుకునేది. గుర్తులు గుర్తుచేసేవి, అంతే. నాకు తోచిన నియమాలతో జోడు చిలకలను నాలుగు వందో వరస దాకా పూర్తిచేసి జకార్డు ఆసామికి పంపాను.

ఆయన గజం గుడ్డ నేయించి, తనే తీసుకుని వచ్చాడు. మామతో పదేళ్ల పరిచయం ఆయనకు. గుడ్డను మంచం మీద పరిచి, తిరగేసి చూపించాడు. కింది సగం వెనక వైపు కూడా చదునుగా, చేయి పెడితే ఎక్కడా తగలకుండా ఉంది. పై సగంలో పోగులు కట్టుకోక వేళ్లంత పొడుగున వేలాడుతున్నాయి.

“ఈడిదాంక మీ మామ,” అన్నాడు వేలు పెట్టి. “ఈడికెల్లి నువ్వు. అవునా?”

“అవు.”

“గుడ్డ జెప్పేస్తది. ఏమనుకోకు.” గుడ్డను మడిచి నాకే ఇచ్చాడు. “పూర్తయినయి నేస్త. ఒక్కటి ఇడువ. గివి మాత్రం నాతోని గాదు.”

నేను పై సగాన్ని ఫైలులోంచి తీసేశాను. నూట ఎనభై ఆరు వరసలు మిగిల్చాను.

ఆ వారమే లెక్క రాసి అత్తమ్మకు ఇచ్చాను. ఆసామి దగ్గర ముందే ఉన్నవి తొమ్మిది. చిన్న డబ్బా మీద రెండు వందల యాభై ఒక్క రోజుల్లో ఎక్కించినవి తొంభై ఎనిమిది. రోజుల లెక్కన చూస్తే ఇది పెద్ద యంత్రం మీద చేసిన దానికంటే కాస్త ఎక్కువే, అప్పటికి ఆయన ఆరోగ్యం తక్కువ. ఆ తొంభై ఎనిమిదిలో ఇరవై ఐదు రెండోసారి చేసినవి కాబట్టి ఆ పోలిక పూర్తిగా సరైనది కాదు. మొదటే చిన్నది పెట్టి ఉంటే ఆ ఇరవై ఐదింటికి పట్టిన అరవై నాలుగు రోజులు కొత్త కాగితాలకు పోయేవి. ఆ అంకె అత్తమ్మకు ఇచ్చిన కాగితంలో రాయలేదు.

జోడు చిలకలతో కలిపి, పెట్టెలో మిగిలిన కాగితాలు నలభై నాలుగు.